ఎద్దుమైలారం బండి, అహ్మద్‌నగర్ చదువు

మా ఊరి నుంచి ఎద్దుమైలారం సైకిల్ దూరం. చిన్నప్పుడు అక్కడి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ గోడ వెంబడి పోతుంటే లోపల ఏదో పెద్ద ఇంజను గుర్రుగుర్రుమనేది. ‘మిలిటరీ బండ్లు చేస్తరంట’ అనుకోవడం తప్ప మాకేం తెలీదు. ఆ బండిని దగ్గర్నుంచి చూడ్డానికి నేను సికింద్రాబాద్‌లో అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మన్మాడ్‌లో దిగి, దౌండ్ వైపు పోయే ప్యాసింజర్ పట్టుకుని మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ దాకా పోవాల్సి వచ్చింది. 1999 నాటి మాట. ఇప్పుడు ఆ ఊరిని అహిల్యానగర్ అంటున్నారు.

నేను ఎంపికైంది మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీకి. పదాతి దళమే, కాకపోతే బండెక్కి పోయే పదాతి. 1979లో రెజిమెంటుగా ఏర్పడింది, దాని ట్రైనింగ్ సెంటర్ అహ్మద్‌నగర్‌లో ఉంది. బండి పేరు బీఎంపీ-2. డిజైను రష్యావాళ్ళది, తయారీ 1987 నుంచి మా ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో. మనవాళ్ళు పెట్టుకున్న పేరు సారథ్.

మా అమ్మ ఇప్పటికీ ‘మా పెద్దోడు ట్యాంకు నడిపిండు’ అని చెబుతుంది. నడిపింది నేను కాదు, అది ట్యాంకూ కాదు. టీ-72 ట్యాంకు బరువు 40 టన్నుల పైమాటే. మా బీఎంపీ 14 టన్నుల చిల్లర. అందులో సిబ్బంది ముగ్గురు: కమాండర్, గన్నర్, డ్రైవర్. వెనక ఏడుగురు జవాన్లు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. వాళ్ళని పోరు జరిగే చోట దింపాలి, వాళ్ళు ముందుకు పోతుంటే కాల్పులతో కాపు కాయాలి. దారిలో కాలువ అడ్డొస్తే ఈదుకుంటూ దాటేస్తుంది కూడా.

మొదటి నెలల గురించి పెద్దగా చెప్పను. పరుగు, కవాతు, తాడు ఎక్కడం, లంగర్‌లో, అంటే మిలిటరీ వంటశాలలో, చపాతీలు. అన్నం కోసం ఏడ్చిన తెలుగువాడిని నేనొక్కడినే కాదని మాత్రం చెప్పగలను. అసలు టెన్షన్ ట్రేడ్ పంచే రోజున మొదలైంది. డ్రైవింగ్, గన్నరీ, రేడియో, ఈ మూడింట్లో ఏది వస్తుందా అని. అందరికీ డ్రైవింగే కావాలి. లైసెన్సు చేతికొస్తుంది, రిటైరయ్యాక లారీనో ఆర్టీసీ బస్సో నడుపుకోవచ్చు. మరి గన్నర్ రిటైరయితే? బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకి పట్టుకుని నిలబడాలి. నాకు గన్నరీ వచ్చింది. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, పక్కింటివాళ్ళ ఫోన్‌లో అమ్మ అడిగిన మొదటి మాట: “డ్రైవింగ్ నేర్పుతరన్నవు గద బిడ్డా?”

గన్నరీ మొదటి క్లాసు చెట్టు కింద జరిగింది. నేల మీద టార్పాలిన్, దాని మీద బండి నుంచి దించిన గన్. 30 మిల్లీమీటర్ల 2ఏ42 ఆటోమేటిక్ కెనన్. వంద కిలోల పైన బరువున్న ఇనుము. మా ఉస్తాద్, అంటే నేర్పేవాడు, బిహార్ హవల్దార్. మా పాఠాల్లో హిందీ మాటలే ఎక్కువ: పాఠాన్ని సబక్ అనాలి, విడిభాగాన్ని పుర్జా, గురిపెట్టడాన్ని శిస్త్, విప్పి మళ్ళీ బిగించడాన్ని ఖోల్నా-జోడ్నా. మధ్యలో ఇంగ్లీషు ముక్కలు, వాటి వెనక ఎక్కడో రష్యన్ నంబర్లు. నాకు వచ్చిన హిందీ అంతా సినిమాల హిందీ. నోటుబుక్కులో అన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకునేవాణ్ణి. పక్కన కూర్చున్న పంజాబీ కుర్రాడు నా బుక్కు చూసి, ‘ఇవన్నీ జిలేబీలా?’ అనేవాడు.

భాష రాకపోవడం నాకు ఒక రకంగా మేలే చేసింది. మిగతావాళ్ళు ఉస్తాద్ మాటలు వినేవాళ్ళు, నేను ఆయన చేతులు చూసేవాణ్ణి. విప్పిన ప్రతి ముక్కనీ ఆయన ఎడమ నుంచి కుడికి ఒకే వరుసలో పరిచేవాడు. అన్నీ అయ్యాక కుడి నుంచి ఎడమకి వెనక్కి వస్తూ బిగించేవాడు. చివరికి టార్పాలిన్ ఖాళీగా మిగలాలి. ఒక్క ముక్క మిగిలిందా, మళ్ళీ మొదటి నుంచి. ఫైరింగ్ పిన్ను వేలి మధ్య తిప్పి కొన అరిగిందేమో చూడ్డం, స్ప్రింగును పాత దానితో పక్కపక్కన పెట్టి పొడవు తగ్గిందేమో పోల్చడం, ఖాళీ తూటా డొక్కును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కేన్ని గోటితో తడమడం... ఇవన్నీ మాటల్లేకుండానే వచ్చేశాయి. నెల తిరిగేసరికి కళ్ళకు గంతలు కట్టి విప్పమంటే, తెలుగువాడు ముందు పూర్తి చేశాడు. ఆ రోజు పంజాబీవాడు జిలేబీల మాట ఎత్తలేదు.

ఇక టరెట్, అంటే బండి పైన గన్‌తో పాటు తిరిగే గది, దాని లోపలి సంగతి. కమాండర్ కుడివైపు, గన్నర్ ఎడమవైపు, ఇద్దరి మధ్య గన్. నాలాంటి బక్కవాడికే భుజాలు ఆనుకునేవి. లోపల గ్రీజు, పాత రబ్బరు, నిన్న కాల్చిన మందు, అన్నీ కలిసిన ఒక వాసన. స్టెబిలైజర్ ఆన్ చేయగానే సన్నటి కూత మొదలై, అలా పైకి పైకి పోయి ఒక చోట నిలబడుతుంది. బండి గుంతలో పడి లేచినా గన్‌ను గురి మీద నిలిపేది అదే. అది ఆన్‌లో ఉన్నప్పుడు గన్ తనంతట తాను కదులుతుంది, మధ్యలో చెయ్యి ఉందా కాలు ఉందా అని దానికి పట్టదు. అందుకే మాకు కాల్చడం కంటే ముందు అరవడం నేర్పారు. టరెట్ తిప్పేముందు గట్టిగా అరిచి చెప్పాలి, డ్రైవర్ తల బయట లేదని తేల్చుకోవాలి, వెనక మూతలు మూశారా అని అడిగి జవాబు వచ్చేదాకా ఆగాలి. జవాబు రాకపోతే తిప్పకూడదు. ఎదుటివాడు తలూపాడు అనుకోవడం జవాబు కిందికి రాదు.

గురిపెట్టడం మొదట బోర్డు మీదే. తెల్ల బోర్డు మీద నల్ల గీత పాములా వంకర్లు తిరిగి ఉంటుంది. కంట్రోల్ పిడులు పట్టుకుని, సైట్‌లోని, అంటే గురి చూసే అద్దంలోని గుర్తును ఆ గీత వెంట నడిపించాలి. చూడ్డానికి పిల్లల ఆట. అరగంట చేస్తే మణికట్లు లాగేస్తాయి. నేను ఎప్పుడూ మలుపు దగ్గర గీత దాటేసేవాణ్ణి. ‘గన్ను నెట్టకు, తీసుకెళ్ళు’ అనేవాడు ఉస్తాద్.

దూరం అంచనా వేసే లెక్క మాత్రం నాకు బాగా నచ్చింది. ఇంటర్‌లో లెక్కలు తప్పినవాణ్ణి నేను. సైట్‌లో సన్న గీతలుంటాయి, ఒక్కో మిల్ అంటే వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు. మూడు మీటర్ల వెడల్పున్న బండి మూడు మిల్స్ నిండా కనిపిస్తే అది వెయ్యి మీటర్ల దూరంలో ఉన్నట్టు. మిల్లున్నరలోనే ఇమిడిపోతే రెండు వేలు. అంతే లెక్క. సైట్ లేకపోతే చెయ్యి చాపి ఒక వేలు అడ్డం పెట్టు, దాదాపు 30 మిల్స్ కప్పేస్తుంది. సెలవుకు వచ్చినప్పుడు మా చెరువు గట్టు మీద నిలబడి అవతలి తాటిచెట్టుకు వేలు అడ్డం పెట్టి దూరం చెప్పేవాణ్ణి. మా తమ్ముడు అడుగులేసి కొలిచి, తప్పు అనేవాడు. చెట్టు ఎత్తు నేను తప్పుగా అనుకున్నానని వాడికి చెప్పలేదు.

కాల్చే రోజు వచ్చింది. అహ్మద్‌నగర్ పక్కనే కేకే రేంజెస్ అనే కాల్పుల మైదానం ఉంది, ఖారే కర్జునే అనే ఊరి పేరు మీద. రాళ్ళ నేల, తుమ్మ చెట్లు. మన సంగారెడ్డి బీళ్ళలాగే ఉంటుంది, అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మొదట పెద్ద గన్ పక్కనే ఉండే 7.62 పీకేటీ మెషిన్‌గన్‌తో కాల్పించారు, ఆ తర్వాత 30 ఎంఎం.

ముందు రోజు సాయంత్రం బెల్టులు నింపాం. 30 ఎంఎం రౌండు, అంటే తూటా, ఒక్కోటి ముప్పావు కిలో పైనే తూగుతుంది. యుద్ధానికి నిండుగా నింపితే బండిలో 500 పడతాయి. ఇనుప కవచాన్ని చీల్చేవి 160 ఒక బెల్టులో, పేలే రకం 340 ఇంకో బెల్టులో. గన్‌కి రెండు వైపుల నుంచీ తిండి అందుతుందన్నమాట. ఎదురుగా ఏముందో చూసి గన్నర్ ఒక మీట మార్చి ఏ బెల్టు కావాలో ఎంచుకుంటాడు. నెమ్మదిగా కాల్చితే నిమిషానికి 200 నుంచి 300, వేగంగా అయితే 550 దాటుతుంది. ఉస్తాద్ అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: వేగంగా కాలిస్తే 160 రౌండ్లు ఎంతసేపు వస్తాయి? మేమంతా రెండు నిమిషాలు, మూడు నిమిషాలు అన్నాం. పద్దెనిమిది సెకన్లు కూడా రావు. ‘ఆ తర్వాత నువ్వు పద్నాలుగు టన్నుల రేకు డబ్బాలో కూర్చున్న మామూలు మనిషివి’ అన్నాడాయన.

మాకు శిక్షణకి ఇచ్చింది కొన్ని రౌండ్లే. ఇద్దరిద్దరం కూర్చుని, రౌండ్లను బెల్టుగా కలిపే లింకుల్లోకి ఎక్కించాం. ప్రతి రౌండూ లింకులో ఒకే లోతుకి కూర్చోవాలి, అంచు మీద బొటనవేలు జరుపుకుంటూ పోతే ఎక్కడా ఎత్తుపల్లం తగలకూడదు. చీకటి పడుతోంది, లంగర్ గంట కొట్టారు. చివరి నాలుగైదు నేను వేలితో చూడలేదు. కంటితో చూశాను, బాగానే ఉన్నాయనిపించింది.

మర్నాడు నా వంతు. ఎర్ర జెండా ఎగిరింది, హెడ్‌సెట్‌లో ఉస్తాద్ గొంతు. గురి పెట్టాను, నొక్కాను. ఆ చప్పుడు చెవులకు కాదు, వీపుకు వినపడుతుంది. ఒకటి, రెండు, మూడు. ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. ఏమీ లేదు. టరెట్‌లో పొగ, ఫ్యాన్ చప్పుడు, నా ఊపిరి.

ఆ క్షణంలో ఎవడికైనా పుట్టే బుద్ధి ఒక్కటే: మూత తెరిచి ఏమైందో చూడాలని. నా చెయ్యి సగం దూరం పోయింది కూడా. “హాత్ హటావ్” అని వినపడింది, అరుపేమీ కాదు, మామూలుగానే. చెయ్యి తీసెయ్. గన్ మూతి టార్గెట్ వైపే ఉండాలి. ఆగిపోయిందని చెప్పు. ఆగు. వేడెక్కిన గొట్టంలో రౌండు మిగిలి ఉంటే అది ఎవరూ నొక్కకుండానే పేలొచ్చు, అందుకే ఆ ఆగడం. ఎంతసేపు ఆగామో నాకు తెలీదు, నా మెడ వెనక నుంచి చెమట నడుము దాకా జారింది, అంతసేపు. తర్వాత ఆయనే పైకెక్కి, ఒక్కో మెట్టు పైకి చదువుతూ నాతోనే గన్ ఖాళీ చేయించాడు.

బెల్టు బయటికొచ్చింది. నాలుగో రౌండు లింకులో అర వేలు ముందుకు జరిగి ఉంది. నేను వేలితో తడమని వాటిలో ఒకటి. తిడతాడనుకున్నాను. ఆయన ఆ రౌండు మీద నా బొటనవేలు పెట్టి, పక్క రౌండు మీదికి జరిపించాడు. మెట్టు తగిలింది. “తెలిసిందా?” తెలిసింది. ‘రేపటి నుంచి ప్రతి బెల్టూ ఇతని బొటనవేలు దాటాకే బండిలోకి’ అని బ్యాచ్ అందరికీ చెప్పాడు. కోర్సు అయ్యేదాకా నా పని అదే. మిగతావాళ్ళు టీ తాగుతుంటే నేను బెల్టుల పక్కన మోకాళ్ళ మీద. శిక్షే అది, కానీ అందులో ఒక పెద్దరికం కూడా ఉంది, ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం టీ మీదే మనసు.

కాల్చడం అయిపోగానే ఇంటికి పోవచ్చు అనుకునేవారు మిలిటరీ సంగతి తెలియనివారు. ముందు ఖోకాలు ఏరాలి. ఖోకా అంటే ఖాళీ డొక్కు. ఎన్ని రౌండ్లు తీసుకున్నామో అన్ని ఖోకాలు లెక్క అప్పజెప్పాలి. తుమ్మ ముళ్ళ మధ్య ఒక్క ఖోకా కోసం పాతికమందిమి వంగుని వెతికిన సాయంత్రాలు ఉన్నాయి. ఆ తర్వాత అసలు పని, గొట్టం శుభ్రం చేయడం.

పొడవాటి రాడ్, చివర బ్రష్, నలుగురం వరుసగా పట్టుకుని ఒక్క ఊపున లోపలికి, ఒక్క ఊపున బయటికి. మధ్యలో ఆపకూడదు. తర్వాత చిందీ, అంటే గుడ్డ పేలిక. మొదటిది బొగ్గులా వస్తుంది. పదోది బూడిద రంగు. ఇరవయ్యోది తెల్లగా వస్తే మేం సంబరపడేవాళ్ళం. ఉస్తాద్ నవ్వేవాడు. ఎందుకంటే మర్నాడు పొద్దున్నే అదే గొట్టంలో చిందీ పెడితే మళ్ళీ నల్లగా వచ్చేది. రాత్రంతా లోహం చల్లారి, దాని సందుల్లోని మందు మసి తేమతో కలిసి బయటికి ఊరుతుంది. గొట్టానికి చెమట పట్టిందనేవాళ్ళం. అందుకే కాల్చిన రోజు, ఆ మర్నాడు, ఆ మూడో రోజు, వరసగా మూడు రోజులు శుభ్రం చేసేవాళ్ళం. గ్యాస్ భాగాల మీద గట్టిపడ్డ మసిని బ్లేడుతో గీకితే నిమిషంలో పోతుంది. గీకావో, దొరికావో, అంతే సంగతులు. నూనెలో నానబెట్టాలి, తుడవాలి, మళ్ళీ నానబెట్టాలి. లోహాన్ని గీస్తే ఆ గీతలోనే తుప్పు కాపురం పెడుతుంది.

లెక్క వేస్తే నా కోర్సు మొత్తంలో మీట నొక్కిన సమయం నిమిషం కూడా ఉండదు. మిగతాదంతా తుడవడం, తడమడం, రాసుకోవడం, ఆగడం. అప్పట్లో ఇదంతా మాతో చాకిరీ చేయించడానికి పెట్టిన వంక అనుకునేవాళ్ళం. 2022 అక్టోబర్‌లో ఝాన్సీ దగ్గర బబీనా రేంజ్‌లో టీ-90 ట్యాంకు గొట్టం పగిలి ఇద్దరు పోయారన్న వార్త చూసిన రోజు నేను అన్నం సగంలో లేచాను. కారణాల సంగతి నాకు వద్దు. ఆ ఇద్దరు కూర్చున్న చోటు ఎంత ఇరుకో నాకు తెలుసు.

కాంకర్స్ క్షిపణి గురించి చెప్పకపోతే గన్నర్లు ఊరుకోరు. టరెట్ పైన కూర్చుంటుంది, ట్యాంకులను కొట్టడానికి, నాలుగు కిలోమీటర్ల దాకా పోతుంది. కోర్సులో మేం సిమ్యులేటర్ మీదే నేర్చుకున్నాం, అసలుది ఖరీదైన సరుకు. నేను నిజంగా ఒకటి కాల్చింది ఆరేళ్ళ తర్వాత, రాజస్థాన్‌లోని మహాజన్ రేంజ్‌లో. ఆ క్షిపణి వెనక సన్నటి తీగ విప్పుకుంటూ పోతుంది, ఆ తీగలోంచే దానికి ఆదేశాలు అందుతాయి. గన్నర్ పని ఒక్కటే: సైట్‌లోని గుర్తును టార్గెట్ మీదనుంచి కదపకుండా పట్టుకోవడం. నాలుగు కిలోమీటర్లకి దాదాపు 20 సెకన్లు. వినడానికి చిన్నదే. కానీ కళ్ళముందే మంట వెలుగుతూ పోతుంటే చూపు దానివైపే లాగుతుంది. దాన్ని చూశావా, చెయ్యి కూడా అటే పోతుంది, క్షిపణీ చేతి వెంటే పోతుంది. నేను చూడలేదు. ఆ ఇరవై సెకన్లూ బోర్డు మీది నల్ల గీతనే తల్చుకున్నాను. తగిలింది. బయటికొచ్చాక కమాండర్ వీపు మీద చరిచి, ‘ఇది మీ హైదరాబాద్‌దే తెలుసా?’ అన్నాడు. నిజమే, భారత్ డైనమిక్స్‌వాళ్ళది. వాళ్ళ భానూరు యూనిట్ మా ఊరికి ఎంత దూరమని! బండి మావైపుదే, క్షిపణీ మావైపుదే, మధ్యలో నేనూ. ముగ్గురం ఎడారిలో కలిశాం.

చివరి ఏళ్ళలో హవల్దార్‌గా యూనిట్‌లో గన్నరీ కేడర్, అంటే శిక్షణ తరగతి, నడిపేటప్పుడు నేనే ఉస్తాద్‌నయ్యాను. ఒకసారి శ్రీకాకుళం కుర్రాడొకడు వచ్చాడు. క్లాసులో తలూపుతాడు, ఏమీ అర్థం కాదు. ఆ తలూపుడు నాకు తెలుసు. సాయంత్రం మెయింటెనెన్స్ అప్పుడు పక్కకొచ్చి, “శిస్త్ అంటే ఏటండి ఉస్తాద్?” అన్నాడు. గురిరా నాయనా, అన్నాను. వాడి ముఖం వెలిగింది. ఇక వరసగా అడగడం మొదలుపెట్టాడు. టరెట్ కదలకుండా బిగించే లాక్ పిడిని పట్టుకుని, “దీన్ని మన తెలుగులో ఏటంటారండి?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ళ పైగా ఆ పిడిని పట్టుకున్నాను, చీకట్లో కూడా పట్టుకోగలను. తెలుగులో దాన్ని ఎప్పుడూ పిలవలేదు.

ఆ సెలవుకి ఇంటికొచ్చినప్పుడు గుర్తొచ్చింది. మా చెల్లెలి భర్త ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఆ బండ్లు బిగించేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే కదా, వాళ్ళు పెట్టుకున్న పేరేదో ఉంటుంది కదా అని అడిగాను. భోజనాల దగ్గర, బొమ్మ కూడా గీసి చూపించాను. వాడు కాసేపు చూసి, “డ్రాయింగ్ మీద నంబరుంటది బావా. గా నంబరే చెప్తం” అన్నాడు. తర్వాత నీళ్ళు తాగుతూ అడిగాడు, “మరి మీరేమంటరు?”

“పుర్జా” అన్నాను.